నడుము వర్ణన నుంచి సూదిమందు దాకా

ఈ వ్యాసం నిజానికి తరగతి గదిలో మొదలయింది. డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకు ప్రబంధ లక్షణాలు చెబుతూ నాయికా వర్ణన దగ్గరకు వచ్చాను. నాయికకు నడుము ఉన్నదో లేదో తేల్చుకోలేక కవి సందేహంలో పడడం, చివరికి అది ఆకాశమనీ, శూన్యమనీ, అణువనీ నిర్ణయించడం తెలుగు చదువుకున్న వారందరూ ఎరిగిన వరసే. ఏటేటా ఈ పాఠం దగ్గర పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వి, భూస్వామ్య యుగపు అభిరుచి అని రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఈ ఏడు అలా పోనివ్వలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “నడుము లేకుండా చేసేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లోనే ఉన్నారు సార్” అంటూ ఒక నున్నని కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. బస్టాండు దగ్గర పంచుతున్నారట.

అది ఒక సౌందర్య చికిత్సాలయం వారి కరపత్రం. గడ్డం కింద, నడుం పక్కల, జబ్బల కింద పేరుకున్న కొవ్వును సూదిమందుతో కరిగిస్తామని దాని సారాంశం. కోత లేదు, కుట్లు లేవు, మధ్యాహ్న భోజన విరామంలో వచ్చి పోవచ్చు. ఎడమ పక్క ఒక ముఖం, కుడి పక్క అదే ముఖం. ఎడమ పక్కది దిగులుగా ఉంది, కుడి పక్కది నవ్వుతున్నది.

సాహిత్య విమర్శకు పెట్టుకున్న పత్రికలో కరపత్రం ముచ్చట ఎందుకని పాఠకులు అడగవచ్చు. నా మనవి ఒకటే. మనుచరిత్రను ఈనాడు పరీక్షల కోసం తప్ప చదివేవారు జిల్లాకు పదిమంది ఉంటారేమో. ఈ కరపత్రాన్ని ఒక్క పూటలో వెయ్యిమంది చదువుతారు. స్త్రీ శరీరాన్ని అంగాంగంగా వర్ణించే సాహిత్యం మనలో ఇంకా బతికి ఉన్నదంటే, అది ఇక్కడ బతికి ఉన్నది. కవిత్వంలో దాన్ని చంపామని మనం నిశ్చింతగా కూర్చున్నాం. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వ తత్త్వ విచారంలో ప్రబంధకవుల మూస వర్ణనలను ఎండగట్టిన నాటి నుంచి ఈ పని జరుగుతూనే ఉన్నది. ఆ మూస అచ్చాఫీసు మారిందని మనం గమనించలేదు.

మొదట నాకు తోచిన తీర్పు అందరికీ తోచేదే. అప్పుడు రాజాస్థానం, ఇప్పుడు పెట్టుబడి. అప్పుడు పద్యం, ఇప్పుడు సూది. రెండింటి చూపూ ఒకటే. ఆ ధోరణిలో నాలుగు పేజీలు రాసి, మర్నాడు చదువుకుని చించేశాను. అందులో కోపం ఉన్నది గాని నిజం సగమే ఉన్నది. వర్ణనకు ఎక్కిన శరీరం ఎటువంటిదో ముందు చూడవద్దా?

ప్రబంధ నాయిక నడుము శూన్యమే. ఐతే ఆ శూన్యం మీద మూడు ముడతలు ఉంటాయి. త్రివళి అన్నారు వాటిని. కడుపు మీద మూడు వళులు పడడం మన కావ్యాల్లో దోషం కాదు, అందం. మెడ కంబుకంఠం, అంటే శంఖం వంటిది, దాని మీదా మూడు రేఖలు ఉండాలి. పిరుదులు గురుత్వంతో ఆమె నడకను ఆపుతుంటే ఆ మందగమనం ఏనుగు నడక అయి, అదీ ఒక గుణమే అవుతుంది. సందేహం ఉన్నవారు ఏ ప్రబంధమైనా తీసి చూడవచ్చు, లేదా ఏ గుడి గోడ దగ్గరకైనా వెళ్లవచ్చు. కరపత్రం వారు “ఇక్కడ గుచ్చుతాం” అని చుక్కలు పెట్టిన చోట్లే కవులు ఆగి ఆగి మెచ్చుకున్నారు. కొవ్వు అదే. మనిషి చర్మం కింద అది పేరుకునే తీరూ ఆనాటి నుంచి ఈనాటికి మారలేదు. అది గుణమో దోషమో చెప్పే అధికారం చేతులు మారింది. కరవుకు భయపడే సమాజంలో ఒంటిమీద నాలుగు కండలుండడం నిలవ ధాన్యం ఉండడం వంటిది. తిండి అమ్మకానికి వచ్చి, వ్యాయామం అమ్మకానికి వచ్చి, తీరిక అమ్మకానికి వచ్చిన సమాజంలో బక్కపలచని ఒళ్లు ఆస్తి అవుతుంది. అందం శాశ్వతమైనదనీ, చరిత్రకు అతీతమైనదనీ వాదించే మిత్రులు త్రివళికి ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు.

రెండో తేడా అలంకారశాస్త్రానికి సంబంధించినది. దీన్ని నేను మరింత ముఖ్యమైనదనుకుంటున్నాను. నడుము లేదని కవి చెప్పినప్పుడు అది అతిశయోక్తి అని కవికి తెలుసు, రాజుకు తెలుసు, వినే వారందరికీ తెలుసు. నడుము లేని మనిషి నిలబడదని ఎరగనంత అమాయకులెవరూ ఆ సభలో లేరు. పద్యం అయిపోగానే ఎవరి ఇంటికి వారు వెళ్లి ఎవరి నడుముతో వారు కాపురం చేసుకున్నారు. ప్రబంధాలు స్త్రీని భోగవస్తువు చేశాయన్నది నిజం. ఆ మాట నేను వెనక్కు తీసుకోవడం లేదు. కాని ఏ ప్రబంధకవీ చదివేదాన్ని పిలిచి, “నీ నడుము ఆకాశంలా లేదు, ఫలానా వీధికి వచ్చి ఇంత రుసుము కట్టు” అనలేదు.

కరపత్రం అతిశయోక్తిని స్వభావోక్తిగా నడుపుతుంది. దండి స్వభావోక్తిని అలంకారాలలో మొదటిదిగా పెట్టాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్లకు కట్టించడం దాని లక్షణం. ఈ కాలంలో ఆ పని ఫోటో చేస్తుందని అందరి నమ్మకం. ఎడమ ముఖం, కుడి ముఖం: ‘ముందు’, ‘తరువాత’. ఇందులో కథ ఉన్నది, కాలం ఉన్నది, ఫలశ్రుతి కూడా ఉన్నది. కాని ఎడమ బొమ్మలో మనిషి తల కాస్త వంచి ఉన్నది, వెలుతురు పైనుంచి పడి గడ్డం కింద నీడ తెచ్చింది. కుడి బొమ్మలో గడ్డం ఎత్తి ఉన్నది, వెలుతురు ఎదటినుంచి వచ్చింది. ఏ మందూ లేకుండా, అద్దం ముందు నిలబడి మెడ వంచి ఒకసారి, ఎత్తి ఒకసారి చూసుకుంటే ఇందులో సగం ఫలితం ఎవరికైనా అరనిమిషంలో దక్కుతుంది. నేను తరగతిలో చేసి చూపించాను. పిల్లలు నడుము పద్యానికంటే ఎక్కువ నవ్వారు.

ఇక ‘కరగడం’ అనే మాట. కరపత్రంలో అది పదకొండుసార్లు వచ్చింది. వెన్న కరుగుతుంది, మంచు కరుగుతుంది, మనసు కరుగుతుంది. తెలుగులో ఈ మాటకు ఉన్న మెత్తదనమంతా ఇక్కడ పెట్టుబడి అయింది. జరిగేది మాత్రం కరగడం కాదు. ఆ మందు పేరు డీఆక్సీకోలిక్ ఆమ్లం. అది మన పైత్యరసంలోనే ఉంటుంది. కాలేయం తయారుచేసిన కోలిక్ ఆమ్లాన్ని పేగులలోని సూక్ష్మజీవులు మార్చగా ఇది పుడుతుంది. తిన్న నెయ్యినీ నూనెనూ చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి జీర్ణానికి సాయపడడం పైత్యలవణాల పని. అంట్లగిన్నె జిడ్డు మీద సబ్బు ఏం చేస్తుందో అదే. ఆ సబ్బును పేగులో కాక చర్మం కింద గుచ్చితే, కొవ్వుకణం పైపొరను చీలుస్తుంది. కణం పగిలి చస్తుంది. చచ్చిన చోట వాపు వస్తుంది, మంట వస్తుంది, రక్షకకణాలు వచ్చి ఆ చెత్తను ఎత్తిపోస్తాయి, మచ్చకణజాలం కొంత పెరుగుతుంది. ఇది ఒక చిన్న గాయం, కావాలని చేసిన గాయం. ఆ సబ్బుకు కొవ్వుకణమని, నరమని, కండ అని వివక్ష పెద్దగా లేదు. అందుకే ఎక్కడ గుచ్చాలి, ఎంత లోతు గుచ్చాలి అన్నది ప్రాణప్రదమయింది. ‘గాయపరిచి తగ్గిస్తాం’ అని రాస్తే ఎవరూ రారు కనుక కరిగిస్తాం అని రాశారు.

ఈ మందు చరిత్రలో ఒక ముచ్చట ఉన్నది. మన పాఠకులకు నచ్చుతుందని చెబుతున్నాను. 1952లో ఫ్రాన్సులో మిషెల్ పిస్టార్ అనే వైద్యుడు చర్మం కింద చిన్న మోతాదుల్లో మందులు గుచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఊళ్లో చెప్పులు కుట్టే ఒకతనికి ఉబ్బసానికని మందు గుచ్చితే చెవుడు తగ్గిందట, అక్కడ మొదలయిందంటారు. కొన్ని దశాబ్దాల తరువాత ఆ దారిలోనే ‘లైపోస్టాబిల్’ అనే మందు సౌందర్యరంగంలోకి వచ్చింది. రక్తనాళాల్లో కొవ్వు అడ్డుపడే జబ్బుల కోసం ఐరోపాలో వాడిన మందు అది. అందులో ప్రధాన ద్రవ్యం ఫాస్ఫాటిడైల్‌కోలిన్, సోయాచిక్కుడు నుంచి తీసేది. అది నీటిలో కలవదు కనుక కలపడానికి కొంచెం డీఆక్సీకోలేట్ చేర్చారు. బ్రెజిల్‌లో ప్యాట్రీషియా రిటెస్ అనే చర్మవైద్యురాలు దీన్ని కంటి కింది కొవ్వు సంచులకు వాడి 2001లో ప్రకటించింది. బ్రెజిల్‌లో ఇది వెర్రిగా వ్యాపించింది. 2003 నాటికి అక్కడి ప్రభుత్వం ఈ వాడకాన్ని నిషేధించవలసి వచ్చింది. ఐతే 2004లో రొటుండా, కొలొడ్నీ మొదలైన వారు అమెరికాలో పరీక్షలు జరిపి చూస్తే, కొవ్వుకణాలను పగలగొట్టే పనిలో ప్రధానపాత్ర ఫాస్ఫాటిడైల్‌కోలిన్‌ది కాదనీ, దాన్ని మోయడానికి పెట్టిన డీఆక్సీకోలేట్‌దేననీ తేలింది. పల్లకీలో కూచున్న వాడికి పేరు, బోయీకి చాకిరీ. రసాయనశాస్త్రంలో కూడా ఇంతేనా అని నేనూ నా సహాధ్యాపకుడూ చాలాసేపు నవ్వుకున్నాం.

బోయీ సంగతి తెలిసిన తరువాత ఏమయింది? ఆ బోయీని కంపెనీ కొనుక్కుంది. 2015 ఏప్రిల్‌లో అమెరికా ఆహార ఔషధ సంస్థ డీఆక్సీకోలిక్ ఆమ్లపు సూదిమందును ‘కైబెల్లా’ పేరుతో గడ్డం కింది కొవ్వుకు మాత్రమే అనుమతించింది. ఆ ఏడాదే దాన్ని తయారుచేసిన కైథెరా కంపెనీని అలర్గాన్ కంపెనీ సుమారు 210 కోట్ల డాలర్లకు కొన్నది. సొంతదారులు ఎంతమంది మారినా మనిషి పైత్యం మాత్రం ఇంకా ఉచితంగానే ఊరుతున్నది.

ఇదే ఆమ్లానికి మరో చరిత్ర ఉన్నది. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. పైత్య ఆమ్లాల నిర్మాణాన్ని శోధించినందుకే జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిష్ వీలాండ్‌కు 1927 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. 1940లలో మెర్క్ కంపెనీ ప్రయోగశాలలో లూయిస్ సారెట్ ఎద్దు పైత్యం నుంచి తీసిన డీఆక్సీకోలిక్ ఆమ్లంతో మొదలుపెట్టి, ముప్పైకి పైగా మెట్లు దాటి, కార్టిజోన్‌ను తయారుచేశాడు. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ దాన్ని కీళ్లవాతంతో నడక కష్టమయిపోయిన ఒక యువతికి ఇచ్చాడు. కొద్ది రోజులలో ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. కార్టిజోన్ దుష్ఫలితాలు తరువాత బయటపడ్డాయి, మెర్క్ కూడా ధర్మసత్రం కాదు. అయినా కబేళాలో పారబోసే పైత్యంతో ఒక మనిషిని నడిపించడం శాస్త్రం చేసిన గొప్ప పని. ఆ పదార్థమే ఇప్పుడు కదలికకు లోటు లేని మనిషి గడ్డం కిందకు చేరింది. శాస్త్రం దిగజారిందని నేను అనడం లేదు; దానికి పని ఎవరు పురమాయిస్తున్నారని అడుగుతున్నాను.

కరపత్రంలో ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి ‘మొండి కొవ్వు’. వ్యాయామం చేసినా, పస్తున్నా పోనిది కనుక మొండిదట. యజమానికి లొంగని పనివాడిని, అత్తగారికి లొంగని కోడలిని మన భాష మొండి అంటుంది. కొవ్వుకు ఆ బిరుదు ఇవ్వడంలో, లొంగనిదాన్ని గుచ్చి లొంగదీస్తామన్న భరోసా దాగి ఉన్నది. రెండోది ‘సమస్యాత్మక ప్రాంతాలు’. ఎన్నికల రోజుల్లో పోలీసులు ఈ మాట వాడతారు. ఊరినీ ఒంటినీ ఒకే పటం మీద చూసే అధికారభాష ఇది. ఎర్రసిరాతో చుట్టిన చోటల్లా బలగాలు దిగుతాయి. భోజన విరామం సంగతి వేరే చెప్పాలి. ఆ మందుతోబాటు కంపెనీయే ఇచ్చే వివరం ప్రకారం ఒక్కో గుచ్చు 0.2 మిల్లీలీటర్లు, గుచ్చుకూ గుచ్చుకూ మధ్య ఒక సెంటీమీటరు, ఒక్క పూటలో 50 గుచ్చుల దాకా, నెలకు తక్కువ కాని వ్యవధితో ఆరుసార్ల దాకా. వాపు దిగడానికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు. గంట భోజన విరామం ఉన్న ఉద్యోగి ఆ గంటలో అన్నం తినకుండా గడ్డం కింద యాభై పోట్లు పొడిపించుకుని, వాచిన మెడతో మళ్లీ బల్ల ముందు కూర్చుంటుందన్న మాట. ఆ విరామాన్ని కార్మికోద్యమం పోరాడి సంపాదించింది అన్నం తినడానికే.

ఇంతవరకు కాగితం మీద మాట. నాలుగేళ్ల కిందట నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఈమధ్య కాలేజీకి వచ్చింది. తరగతిలో గురజాడను చదవమంటే ఆమెనే చదవమనేవాణ్ణి. ఉచ్చారణ అంత శుభ్రంగా ఉండేది. ఆ ఉచ్చారణ మీదే ఒక టెలివిజన్ చానల్‌లో వార్తలు చదివే ఉద్యోగం సంపాదించుకుంది. తన పేరు రాయవద్దనీ, సంగతి రాయవచ్చుననీ చెప్పింది.

“కెమెరాకు నా గడ్డం కింద రెండో గడ్డం కనిపిస్తోందన్నారు సార్. నాతో ఎవరూ గట్టిగా అనలేదు. సాయంత్రం బులెటిన్ ఇంకొకమ్మాయికి ఇచ్చి, నన్ను తెల్లవారుజాముకు మార్చారు, అంతే” అన్నది. నెలవాయిదాల మీద అప్పు తీసుకుని సూదులు వేయించుకుంది. రెండోసారి వేయించుకున్న మర్నాడు అద్దంలో నవ్వితే కింది పెదవి ఎడమ పక్క కదలలేదు. నోరు వంకరపోయింది. దవడ అంచున పోయే సన్నని నరానికి మందు తగిలితే ఇలా అవుతుంది. అమెరికా పరీక్షల్లో మందు వేయించుకున్న వారిలో నూటికి నలుగురికి ఇలా జరిగిందనీ, అందరికీ తగ్గిందనీ, సగంమందికి 44 రోజులకు పైగా పట్టిందనీ, ఒకరికి 298 రోజులు పట్టిందనీ ఆ మందు వివరపత్రంలోనే ఉన్నది. ఈమెకు ఆరువారాల్లో తగ్గింది. ఆ ఆరువారాలూ వార్తలు చదవలేదు, జీతం రాలేదు, వాయిదా మాత్రం కట్టింది.

“నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఈ సంగతి లేదా అమ్మా?” అని అడిగాను.

“ఉన్నదేమో సార్. నాలుగు పేజీల ఇంగ్లీషు. నర్సు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను.”

“మందు పేరేమిటి?”

“తెలియదు సార్. పెట్టె మీద ఏవో విదేశీ అక్షరాలున్నాయి.”

ఈ చివరి జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. అనుమతి లేని కొవ్వు సూదిమందులు వాడవద్దని అమెరికా ఔషధ సంస్థ 2010లో కొన్ని సౌందర్యశాలలకు హెచ్చరిక లేఖలు రాసింది. 2023లో మళ్లీ ప్రజలందరినీ హెచ్చరించింది. మచ్చలు, గడ్డలు, చీముపట్టడం, చర్మం వికృతమవడం గురించి తనకు ఫిర్యాదులు అందాయన్నది. అక్కడి దుకాణాల సంగతే అది. అనుమతి పొందిన మందుకు కూడా గడ్డం కింద తప్ప నడుముకు, జబ్బలకు రుజువులు చాలవని ఆ కంపెనీ పత్రమే ఒప్పుకుంటుంది. మన బస్టాండు కరపత్రం తల నుంచి మోకాళ్ల దాకా చుక్కలు పెట్టింది. నఖశిఖపర్యంతం వర్ణించే మన కవుల ఓపికను ఈ విషయంలో వీళ్లు పుణికి పుచ్చుకున్నారు.

చట్టం లేకపోలేదు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం, మాంత్రిక వైద్యాలతో పాటు కొన్ని జబ్బులకు మందులున్నాయని ప్రకటించడాన్నే నిషేధించింది. ఆ పట్టికలో స్థూలకాయం ఉన్నది. నేను న్యాయవాదిని కాను కనుక ఈ కరపత్రం చట్టానికి దొరుకుతుందో లేదో చెప్పను. తెలుగు పంతులుగా ఒక్కటి చెప్పగలను: కాగితం మొత్తంలో స్థూలకాయం అన్న మాటే లేదు. ‘తీరైన రూపు’, ‘ఒంటి చెక్కడం’, ‘గీతకు గీత’ ఉన్నాయి. చెప్పవలసిన దాన్ని చుట్టుతిప్పి మరో మాటతో చెప్పడాన్ని పర్యాయోక్తం అంటారు. రాసినవాడెవడో అలంకారశాస్త్రం చదవకుండానే దాన్ని చక్కగా పట్టుకున్నాడు.

ఇక్కడ మన వాళ్లను కూడా ఒక మాట అనాలి. 1943లో తెనాలిలో మన సంఘం పుట్టిన నాటి నుంచి అభ్యుదయ సాహిత్యంలో, అంతకంటే ఎక్కువగా మన వీధినాటకాలలో, కార్టూనులలో, దోపిడీదారుకు గుర్తు ఏమిటి? బొజ్జ. భూస్వామికి బొజ్జ, షావుకారుకు బానపొట్ట, మంత్రికి రెండో గడ్డం. కష్టజీవి ఎముకలగూడు. ఆనాటికి ఆ గుర్తు నిజమే, తిండి కొందరి దగ్గరే ఉండేది. ఈనాడు? వ్యాయామశాలకు వెళ్లే తీరికా, పళ్లూ పప్పులూ కొనే స్తోమతూ ఉన్న యజమాని సన్నగా ఉంటాడు. పాలిష్‌పట్టిన తెల్లబియ్యం, చవక నూనె, కుర్చీలో పన్నెండు గంటల పని ఉన్న మనిషికి పొట్ట వస్తుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 57 మంది రక్తహీనులు. నూటికి 24 మంది ఉండవలసిన బరువుకంటే ఎక్కువ ఉన్నవారు. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే ఒంట్లో ఈ రెండూ ఉంటాయి. ఐనా మన నాటకంలో దిండు కట్టుకుని బొజ్జ పెంచుకున్న నటుడు రాగానే పిల్లలు నవ్వుతున్నారు. కొవ్వు అంటే తిండిపోతుతనం, సోమరితనం, పరుల సొమ్ము అని మనమే నేర్పాం. కరపత్రం వాడు అమ్ముకుంటున్న సిగ్గులో మనం నేసిన పోగులు కొన్ని ఉన్నాయి. బొజ్జకు బదులు ఏ గుర్తు పెట్టాలని అడిగితే నా దగ్గర సిద్ధంగా ఏదీ లేదు. అది సృజనాత్మక రచయితలు తేల్చవలసిన పని.

ఈ వ్యాసం చిత్తుప్రతిని మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే ఆవిడకు చూపించాను. ఆమె చదివి, “మీ మగవాళ్లు వర్ణించినప్పుడూ మా ఒళ్లే, ఖండించినప్పుడూ మా ఒళ్లే. మీసానికి రంగు వేసుకోవడం మానేసి వచ్చి ఈ ఉపన్యాసం చెప్పండి మాస్టారూ” అన్నది. ఆ తరువాత నిదానంగా, తన గడ్డం తనకు నచ్చనివాళ్లు డబ్బుండి, తెలిసి, మంచి డాక్టరు దగ్గర మార్చుకుంటే దాన్ని నేరం చేసి మాట్లాడే హక్కు నాకు లేదన్నది. ఆ మాటలో న్యాయం ఉన్నది. మీసం విషయం నేను ఒప్పుకుని తీరాలి. పోతే, మగవాళ్లు కూడా ఇప్పుడు ఈ సూదులకు వెళుతున్నారు. కరపత్రంలో వారికీ ఒక మూల కేటాయించారు. నా వాదం ఆమె చెప్పిన మనిషి మీద కాదు. ‘తెలిసి’ అన్న ఒక్క మాట మీద మా ఇద్దరికీ పేచీ. వార్తలు చదివే అమ్మాయికి ఏమి తెలుసు? మందు పేరు తెలియదు, నరం సంగతి తెలియదు. తెల్లవారుజాము బులెటిన్ మాత్రం తెలుసు. ఆ మార్పు జరగకపోతే ఆమె అద్దంలో గడ్డం వంకే చూసేది కాదని ఆమే చెప్పింది. దీన్ని స్వేచ్ఛ అనడానికి నా నోరు రావడం లేదు. ఆవిడ మాత్రం ఇప్పటికీ నేను సగమే ఒప్పుకున్నానంటుంది.

పరీక్షల ముందు తరగతిలో ఒక అభ్యాసం ఇచ్చాను. ఒక పక్క ప్రబంధంలోని నాయికా వర్ణన, మరో పక్క కరపత్రం పెట్టి, రెండింటిలో అలంకారాలు గుర్తించమన్నాను. చాలామంది అతిశయోక్తి, ఉపమ, రూపకం రాసుకొచ్చారు. ఆ కాగితం తెచ్చిన అమ్మాయి అలంకారాల జోలికే పోకుండా వ్యాకరణం పట్టుకుంది. కరపత్రంలోని క్రియలన్నీ వరసగా రాసింది: కొవ్వు కరుగుతుంది, వాపు తగ్గిపోతుంది, రూపు దిద్దుకుంటుంది, జీవితం మారిపోతుంది. అన్నీ అకర్మకాలే, చేసేవాడెవడో ఎక్కడా లేడని పక్కన గీత గీసింది. డాక్టరు గుచ్చడు, సూది దిగదు, కణం చావదు. కాగితం మొత్తం మీద చేసే మనిషి పైకి కనిపించే వాక్యం అడుగున చిన్న అక్షరాల్లో ఒక్కటే ఉన్నదని చూపించింది: రుసుము మీరు ముందుగా చెల్లించవలెను.

ఆమెకు పదికి తొమ్మిది వేశాను. ‘అకర్మకం’లో వత్తు తప్పు రాసింది.